సూరత్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో గుణాత్మక పరిశోధన

సూరత్ నగరానికి నైరుతి వైపు, ఆల్థాన్‌కు దగ్గర్లో, ఉధనా–మగ్దల్లా రోడ్డు మీద వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం ఉంది. ఆ ప్రాంగణంలోనే సెంటర్ ఫర్ సోషల్ స్టడీస్ అనే పరిశోధన సంస్థ అర్ధశతాబ్దికి పైగా పనిచేస్తోంది. అది స్వతంత్ర సంస్థ, విశ్వవిద్యాలయ శాఖల్లో చేరదు. అయినా దాని పుట్టుక, ఎదుగుదల విశ్వవిద్యాలయంతో పెనవేసుకున్నాయి. దక్షిణ గుజరాత్ పల్లెల్లో అంటరానితనం, ఆదివాసీల స్థితిగతులు, ఆనకట్ట ముంపు, రిజర్వేషన్ల వివాదం, సూరత్ మురికివాడలు, 1994 నాటి ప్లేగు, వీటన్నిటి మీద దేశంలో చదువుతున్న పుస్తకాలు కొన్ని ఈ ప్రాంగణం నుంచే వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం గుణాత్మక పరిశోధన మీద నిలబడినవి.

ఎంతమంది, ఎంత శాతం అన్న లెక్క దగ్గర ఆగకుండా, ఎలా జరుగుతోంది, ఎందుకు జరుగుతోంది అని వెతకడం గుణాత్మక పరిశోధన. పరిశోధకుడు ఊళ్లో నెలల తరబడి ఉంటాడు. పొలంలో, రచ్చబండ దగ్గర, బావి దగ్గర ఎవరు ఎవరితో ఎలా మెలుగుతున్నారో చూస్తాడు. తీరిగ్గా కూర్చుని మాట్లాడి, ఒక్కొక్కరి జీవిత కథ రాసుకుంటాడు. పాత దస్తావేజులు, పంచాయతీ తీర్మానాలు, కోర్టు కాగితాలు తిరగేస్తాడు. ఒక కూలీకి ఎంత అప్పుందో జనగణన తరహా సర్వే చెప్పగలదు. ఆ అప్పు ఎవరి పెళ్లికి చేశాడు, ఇచ్చింది ఎవరు, తీసుకున్నాక ఏ పనికి కాదనలేని స్థితిలో పడ్డాడు అన్నవి తెలియాలంటే ఆ కూలీ దగ్గర కూర్చోవాలి.

దక్షిణ గుజరాత్‌లో ఈ పద్ధతి వేళ్లూనడానికి అక్కడి సమాజమే కారణం. తపతి, పూర్ణ నదుల మధ్య సారవంతమైన మైదానం, దానికి తూర్పున ఆదివాసీల కొండసీమ. మైదానంలో భూములు ఎక్కువగా అనావిల్ బ్రాహ్మణుల చేతుల్లో, కణబీ పాటీదార్ల చేతుల్లో ఉండేవి. ఆ భూముల్లో కష్టం చేసేవాళ్లు డుబ్లాలు అనే ఆదివాసులు. గాంధేయవాదులు తర్వాతి కాలంలో వారిని హళపతులు అని గౌరవంగా పిలవడం మొదలుపెట్టారు. డుబ్లా యువకుడు పెళ్లికి భూస్వామి దగ్గర అప్పు తీసుకుని అతని దగ్గర పాలేరుగా చేరేవాడు. దానికి హాలీ పద్ధతి అని పేరు. అప్పు తీరేది కాదు, కొలువు ముగిసేది కాదు. తెలంగాణలో జీతగాడి బతుకును, వెట్టిని ఎరిగినవారికి ఈ సంబంధాన్ని వేరుగా వివరించనక్కర్లేదు. చట్టం ముందు ఇది ఇద్దరు మనుషుల మధ్య అప్పు మాత్రమే. లోపల అది తిండి, బట్ట, రక్షణ, అణచివేత అన్నీ కలిసిన బంధం. ఇలాంటి బంధాలు గణాంకాల పట్టికల్లో కనిపించవు.

సూరత్‌ను అక్షరాల్లో పట్టుకునే ప్రయత్నం విశ్వవిద్యాలయానికి చాలా ముందే మొదలైంది. 1833లో ఇక్కడే పుట్టిన కవి నర్మదాశంకర్ దవే, అంటే నర్మద్, తన ఊరి చరిత్రను గుజరాతీలో రాశాడు. గుజరాతీ నిఘంటువు కూర్చాడు. సంఘ సంస్కరణ కోసం పోరాడాడు. 1965లో ఏర్పడిన దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయానికి 2004లో ఆయన పేరు చేర్చారు.

శాస్త్రీయమైన క్షేత్ర పరిశోధనకు మాత్రం పునాది బొంబాయిలోనూ బరోడాలోనూ పడింది. బొంబాయి విశ్వవిద్యాలయంలో జి.ఎస్. ఘుర్యే సమాజశాస్త్రాన్ని ఒక తరం పాటు నిర్మించాడు. ఆయన శిష్యుడు ఎం.ఎన్. శ్రీనివాస్ 1951లో బరోడాలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్ర శాఖను ప్రారంభించాడు. పుస్తకాల్లో చదివిన సమాజం కన్నా కళ్లతో చూసిన సమాజానికి విలువ ఇవ్వాలన్నది శ్రీనివాస్ పట్టుదల. ఆ సంవత్సరాల్లోనే హైదరాబాదులో ఇలాంటి పని మరొకటి జరిగింది. 1951, 1952లలో ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందం ఎస్.సి. దూబే నాయకత్వంలో శామీర్‌పేట గ్రామాన్ని అధ్యయనం చేసింది. దూబే రాసిన పుస్తకం 1955లో వెలువడి, భారతీయ గ్రామం మీద తొలి సమగ్ర రచనల్లో ఒకటిగా నిలిచింది. అంటే విశ్వవిద్యాలయం గోడలు దాటి ఊరికి వెళ్లడం 1950ల నాటి భారతీయ సమాజశాస్త్రం మొత్తం పట్టిన దారి. సూరత్ ఆ దారిలో కొంత ఆలస్యంగా వచ్చి, ఎక్కువ కాలం నిలిచింది.

సూరత్‌లో ఈ పనికి ఆద్యుడు ఐ.పి. దేశాయి. 1911లో పుట్టిన ఈయన కూడా ఘుర్యే శిష్యుడే. బరోడా శాఖలో శ్రీనివాస్‌తో కలిసి పనిచేసి, ఆయన ఢిల్లీ వెళ్లాక ఆ శాఖకు సారథ్యం వహించాడు. దేశాయికి పేరు తెచ్చిన గ్రంథం సౌరాష్ట్రలోని మహువా పట్టణంలో కుటుంబ వ్యవస్థ మీద రాసినది. అది 1964లో అచ్చయింది. 423 కుటుంబాలను పరిశీలించి ఆయన ఒక చిక్కుముడి విప్పాడు. పట్టణాలు పెరిగితే ఉమ్మడి కుటుంబం విచ్ఛిన్నమవుతుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. జనాభా లెక్కలు ఒక పొయ్యి మీద వండుకుని ఒక కప్పు కింద ఉండేవారిని ఒక కుటుంబంగా రాసుకునేవి. అలా చూస్తే చిన్న కుటుంబాలే ఎక్కువ కనిపిస్తాయి. దేశాయి వేసిన ప్రశ్న వేరు. అన్నదమ్ములు వేరింట్లో కాపురమున్నా ఆస్తి కలిసే ఉందా, పెళ్లిళ్ల ఖర్చు ఎవరు భరిస్తున్నారు, తండ్రి మాట ఎవరింట్లో చెల్లుతోంది, కష్టం వస్తే ఎవరు ఎవరి గుమ్మం తొక్కుతున్నారు? ఈ కొలమానంతో చూస్తే, పొయ్యిలు వేరుపడ్డ కుటుంబాల్లో అత్యధికం ఏదో ఒక రూపంలో ఉమ్మడిగానే ఉన్నాయని తేలింది.

సూరత్‌లో తర్వాత పెరిగిన పరిశోధన స్వభావమంతా ఈ ఉదాహరణలో ఉంది. దేశాయి లెక్కలను కాదనలేదు. ఆయన చేతిలో 423 కుటుంబాల ప్రశ్నావళి ఉంది. అయితే దేన్ని లెక్కపెట్టాలో తేల్చింది మాత్రం మనుషుల మధ్య సంబంధాల గురించి ఆయనకున్న అవగాహన.

1960ల చివర బరోడా వదిలి దేశాయి దక్షిణ గుజరాత్‌కు తిరిగి వచ్చాడు. 1969లో సెంటర్ ఫర్ రీజనల్ డెవలప్‌మెంట్ స్టడీస్ అన్న పేరుతో ఒక సంస్థను స్థాపించాడు. సెంటర్ ఫర్ సోషల్ స్టడీస్ అన్నది దానికి తర్వాత వచ్చిన పేరు. కాలం కూడా అనుకూలించింది. అదే 1969లో ఢిల్లీలో భారత సామాజికశాస్త్ర పరిశోధన మండలి ఏర్పడింది. దానికి సభ్య కార్యదర్శిగా వచ్చిన విద్యావేత్త జె.పి. నాయక్, రాష్ట్రాల్లో ప్రాంతీయ పరిశోధన సంస్థలు రావాలని పట్టుబట్టాడు. కేంద్రం నుంచి మండలి, రాష్ట్రం నుంచి ప్రభుత్వం చెరొక భాగం నిధులిచ్చే పద్ధతి నెలకొంది. 1980లో హైదరాబాదులో పుట్టిన సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ కూడా ఈ కుటుంబంలోనిదే. సూరత్ సంస్థకు ఈ ఏర్పాటు నిలకడ ఇచ్చింది. బోధన భారం లేని పూర్తికాలపు పరిశోధకులు దొరికారు. విశ్వవిద్యాలయం ప్రాంగణంలో చోటు దొరికింది. ఊళ్లో ఆరు నెలలు ఉండాల్సిన పరిశోధకుడికి రోజూ తరగతులు చెప్పే బాధ్యత ఉంటే ఆ పని సాగదు. ఎదుగుదలకు తొలి కారణం ఈ వెసులుబాటు.

తొలి దశాబ్దపు పనిలో ముఖ్యమైనది అంటరానితనం అధ్యయనం. దేశాయి, ఆయన బృందం గుజరాత్‌లో 69 గ్రామాల్లో పరిశీలన చేశారు. ఫలితాలు 1976లో పుస్తకంగా వచ్చాయి. అప్పటికి రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసి పాతికేళ్లు దాటింది. "మీ ఊళ్లో అంటరానితనం ఉందా?" అని అడిగితే చాలాచోట్ల లేదన్న జవాబే వస్తుంది. అందువల్ల దేశాయి ఆ ఒక్క ప్రశ్నను అనేక సందర్భాలుగా విడగొట్టాడు. బడిలో పిల్లలు కలిసి కూర్చుంటారా? పోస్ట్‌మాన్ ఉత్తరం చేతికి ఇస్తాడా? బస్సులో పక్కన కూర్చోనిస్తారా? దుకాణదారు చిల్లర ఎలా ఇస్తాడు? మంగలి క్షవరం చేస్తాడా? బావి ఎవరిది? గుడి మెట్లు ఎంతవరకు ఎక్కనిస్తారు? ఇంటి లోపలికి రానిస్తారా? సమాధానాలను బేరీజు వేస్తే ఒక క్రమం బయటపడింది. బడి, తపాలా, బస్సు వంటి ప్రభుత్వ సంబంధమైన చోట్ల అంటరానితనం చాలావరకు సడలింది. నీళ్లు, గుడి, ఇంటి గడప దగ్గర గట్టిగా నిలిచి ఉంది. చట్టం చేరగలిగిన చోటు ఒకటి, చేరలేని చోటు ఒకటి అని ఆయన విడదీసి చూపాడు.

ఈ అడుగుజాడ చాలా దూరం వెళ్లింది. 2006లో ఘనశ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరాట్, సతీశ్ దేశ్‌పాండే, అమితా బావిస్కర్ కలిసి గ్రామీణ భారతంలో అంటరానితనం మీద పుస్తకం ప్రచురించారు. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల వివరాలు అందులో ఉన్నాయి. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హోటల్లో వేరు గ్లాసు, చెరువులో వేరు రేవు, బడిలో మధ్యాహ్న భోజనం దగ్గర వేరు బంతి వంటి ఆచారాలను విడివిడిగా నమోదు చేసే పద్ధతికి సూరత్ అనుభవం ఒక పూర్వరూపం. ఆ రచయితల్లో మొదటివాడైన ఘనశ్యామ్ షా సూరత్ సంస్థలోనే ఎదిగి, దాన్ని నడిపినవాడు.

షా రాకతో పరిశోధన కుటుంబం, కులం దాటి రాజకీయంలోకి విస్తరించింది. గుజరాత్ క్షత్రియ సభ మీద 1975లో వచ్చిన ఆయన గ్రంథం, ఒక కుల సంఘం ఎన్నికల రాజకీయాల్లో ఎలా బలపడుతుందో చూపింది. 1974లో గుజరాత్‌ను కుదిపిన నవనిర్మాణ్ ఉద్యమాన్ని, బిహార్‌లో జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమాన్ని పక్కపక్కన పెట్టి 1977లో ఇంకో పుస్తకం రాశాడు. ఉద్యమం నడుస్తున్నప్పుడే సభలకు వెళ్లడం, కరపత్రాలు సేకరించడం, నాయకులతో మాట్లాడటం ఆ పనికి ఆధారం. చల్లారిన తర్వాత అడిగితే ప్రతి ఒక్కరూ తమ పాత్రను సవరించి చెబుతారు కాబట్టి, వేడి మీద సేకరించిన సమాచారానికి అంత విలువ. దేశాయి మరోవైపు అప్పటి సూరత్ జిల్లాలోని వేడ్ఛీలో నడిచిన గాంధేయ ఉద్యమాన్ని పరిశీలించాడు. ఆశ్రమ పాఠశాలల వల్ల ఆదివాసీల్లో ఏ వర్గం లాభపడింది, ఎవరు వెనకబడ్డారు అన్న ప్రశ్న అక్కడి నుంచి మొదలై, షా 1984లో ఆదివాసీల ఆర్థిక అంతరాల మీద ప్రచురించిన పుస్తకం దాకా సాగింది.

సంస్థ చుట్టూ పెరిగిన విజ్ఞానంలో డచ్ పరిశోధకుడు యాన్ బ్రేమన్‌కు ప్రత్యేక స్థానం ఉంది. ఆయన సంస్థ ఉద్యోగి కాకపోయినా దానితో చిరకాలం అనుబంధం ఉన్నవాడు. 1962, 1963లలో దక్షిణ గుజరాత్‌లోని రెండు గ్రామాల్లో ఉండి హాలీ పద్ధతిని పరిశీలించాడు. ఊళ్ల అసలు పేర్లు బయటపెట్టకుండా గాండేవీగామ్, చిఖ్లీగామ్ అని మారుపేర్లు వాడాడు. 1974లో ఇంగ్లీషులో వచ్చిన ఆ పుస్తకం, పాత బంధంలో ఆదరణ, దోపిడీ రెండూ ఉండేవని, కాలక్రమంలో ఆదరణ పోయి దోపిడీ మిగిలిందని నిరూపించింది. తర్వాత బార్డోలీ చక్కెర ఫ్యాక్టరీల చెరకు కోతకు మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచి వచ్చే వలస కూలీల వెంట నడిచాడు. ముకాదం అనే మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి కూలీలను కూడగడతాడు. వాళ్లు పొలాల గట్లమీద గుడిసెలు వేసుకుంటారు. రోడ్డున పోతే కనిపించేది చెరకు బళ్లు మాత్రమే. ఆ బళ్ల వెనక అడ్వాన్సు, అప్పు, గుంపు, మేస్త్రీ అనే గొలుసు ఉందని తెలియడానికి కూలీల గుడిసెల దాకా వెళ్లాల్సి వచ్చింది. బ్రేమన్ అవే ఊళ్లకు దశాబ్దాల పొడవునా తిరిగి వచ్చాడు. అర్ధశతాబ్దపు మార్పును కలిపి 2007లో మరో గ్రంథం వెలువరించాడు. ఒకే ఊరిని పదేపదే చూడటం గుణాత్మక పరిశోధనలో అత్యంత ఖరీదైన పద్ధతి. తాత పాలేరు, తండ్రి చెరకు కూలీ, కొడుకు సూరత్‌లో దినకూలీ అన్న మార్పును మూడు తరాల వెంట నడిచి చూపగలిగేది అదొక్కటే.

1980లలో ఈ పరిశోధన ప్రజా వివాదాల నడుమకు వచ్చింది. మొదటిది రిజర్వేషన్లు. 1981లోనూ 1985లోనూ గుజరాత్‌లో రిజర్వేషన్ వ్యతిరేక ఆందోళనలు చెలరేగాయి. వెనకబాటుతనాన్ని గుర్తించడానికి కులాన్ని ప్రాతిపదికగా తీసుకోరాదని దేశాయి 1984లో వ్యాసం రాశాడు. అదే సంస్థకు చెందిన షా మరుసటి ఏడాది ఆ వాదాన్ని విమర్శిస్తూ, భారతదేశంలో కులాన్ని, వర్గాన్ని అంత తేలిగ్గా విడదీయలేమని వాదించాడు. వ్యవస్థాపకుడు ఒక వైపు, ఆయన చేతి కింద ఎదిగినవాడు రెండో వైపు నిలిచి, పత్రికలో బహిరంగంగా వాదించుకున్నారు. రెండు వాదాలకూ ఆధారం గుజరాత్ పల్లెల్లో వాళ్లు చూసిన వాస్తవమే. ఒకే సమాచారం నుంచి వేర్వేరు నిర్ణయాలు రావచ్చునని ఒప్పుకునే వాతావరణం ఉన్నచోటే వ్యాఖ్యానం మీద ఆధారపడే శాస్త్రం బతుకుతుంది. 1985లోనే దేశాయి మరణించాడు. ఆ చర్చ మాత్రం పుస్తక రూపంలో నిలిచింది.

రెండో వివాదం నర్మద ఆనకట్ట. సర్దార్ సరోవర్ ప్రాజెక్టు వల్ల మూడు రాష్ట్రాల్లో 245 గ్రామాలు ముంపు పరిధిలోకి వచ్చాయి. వాటిలో 19 గుజరాత్‌లో ఉన్నాయి. 1985లో ప్రపంచ బ్యాంకుతో కుదిరిన ఒప్పందం ప్రకారం పునరావాసాన్ని బయటి సంస్థలు నిరంతరం పరిశీలించాలి. మహారాష్ట్రకు బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌ను, మధ్యప్రదేశ్‌కు సాగర్ విశ్వవిద్యాలయాన్ని, గుజరాత్‌కు సూరత్ సంస్థను నియమించారు. సంస్థకు చెందిన విద్యుత్ జోషి ముంపు గ్రామాల సమస్యల మీద 1987లో పుస్తకం ప్రచురించాడు. శ్రీశైలం ముంపు గ్రామాల కథ ఎరిగిన తెలుగువారికి ఇలాంటి పరిశీలన అవసరం వెంటనే అర్థమవుతుంది. ప్రభుత్వ లెక్క ప్రకారం ఒక కుటుంబానికి భూమి ఇవ్వడంతో పునరావాసం పూర్తయినట్టే. ఇచ్చిన భూమిలో నీళ్లు పడ్డాయా, అన్నదమ్ములు ఒకే చోటికి వెళ్లగలిగారా, కొత్త ఊరివాళ్లు శ్మశానానికి చోటిచ్చారా, అడవి లేని చోట పశువులకు మేత, పొయ్యిలోకి కట్టె ఎక్కడివి అన్న ప్రశ్నలు ఆ తర్వాత మొదలవుతాయి. ప్రపంచ బ్యాంకు నియమించగా 1992లో నివేదిక ఇచ్చిన మోర్స్ స్వతంత్ర సమీక్ష బృందం ఈ పరిశీలక సంస్థల నివేదికలనూ లెక్కలోకి తీసుకుంది.

ఈ దశ సంస్థకు పేరుతోపాటు ఒక ఇరకాటాన్నీ తెచ్చింది. ప్రభుత్వం డబ్బు ఇస్తే ప్రభుత్వ పనిని తూచడం సులువు కాదు. ఉద్యమకారులు సంస్థను ప్రభుత్వపక్షమని అనుమానిస్తారు. అధికారులు తప్పులెన్నుతున్నారని విసుక్కుంటారు. గ్రామస్థులు ప్రశ్నలు అడగడానికి వచ్చినవాడిని పరిహారం ఇచ్చే అధికారిగా భావించి, దానికి తగ్గట్టు జవాబు చెబుతారు. ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకోని నివేదిక నమ్మదగింది కాదు. అందుకే పరిశోధకుడు తాను ఎవరి తరఫున వచ్చాడో ముందే చెప్పాలని, ఒకరు చెప్పినదాన్ని మరొకరి మాటతో, కాగితంతో, కంటితో చూసినదానితో సరిపోల్చాలని, చెప్పినవారికి హాని జరిగేలా ఉంటే పేర్లు మార్చాలని నియమాలు గట్టిపడ్డాయి.

1990ల నాటికి పరిశోధన క్షేత్రం పల్లె నుంచి నగరానికి మారింది. కారణం సూరత్ పెరిగిన వేగం. 1991లో సుమారు 15 లక్షలున్న నగర జనాభా 2011 నాటికి 45 లక్షలకు చేరువైంది. వజ్రాల సానపట్టు, మరమగ్గాలు, రంగుల అద్దకం, జరీ పనికి లక్షల మంది వచ్చారు. ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి, మహారాష్ట్ర ఖాందేశ్ నుంచి, ఉత్తరప్రదేశ్, బిహార్ నుంచి వచ్చినవారితోపాటు, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుంచి వచ్చిన పద్మశాలీలు సాంచెల పనిలో కుదురుకున్నారు. లింబాయత్, ఉధనా వైపు తెలుగు బస్తీలు వెలిశాయి. నగరపాలక పాఠశాలల మండలి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతోపాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఇలాంటి నగరంలో క్షేత్ర పరిశోధన చేసేవాడికి గుజరాతీ ఒక్కటే చాలదు. పగటి పాళీ, రాత్రి పాళీ మధ్య ఒకే గదిని వంతులవారీగా పంచుకునే కార్మికులతో మాట్లాడటానికి పరిశోధకుడే తన వేళలు మార్చుకోవాలి. బిశ్వరూప్ దాస్ సూరత్ మురికివాడల మీద, ఎస్.పి. పుణలేకర్ గుజరాత్ నగరాల్లో వీధి బాలల మీద చేసిన అధ్యయనాలు ఈ మలుపునకు చెందినవి. యాన్ బ్రేమన్ కూడా 1996లో వచ్చిన పుస్తకంలో, స్థిరమైన కొలువు లేక ఒక పని నుంచి మరో పనికి తిరిగే శ్రామికుల జీవితాన్ని ఇక్కడి నుంచే చిత్రించాడు.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు ప్రబలింది. మరణాలు పదుల సంఖ్యలోనే ఉన్నా భయం దేశమంతా పాకింది. కొద్ది రోజుల్లో లక్షల మంది నగరం వదిలి వెళ్లారు. ప్రైవేటు వైద్యులు చాలామంది క్లినిక్‌లు మూసేసి పోయారు. ఈ ఘటన మీద ఘనశ్యామ్ షా రాసిన పుస్తకం 1997లో వచ్చింది. వ్యాధి క్రిమి గురించి వైద్యులు చెబుతారు. పుకారు ఏ దారిన పాకింది, ఎవరు పారిపోగలిగారు, ఎవరు పోలేకపోయారు, చెత్త, మురుగు పేరుకున్నా పట్టించుకోని పాలన ఎలా తయారైంది అన్నవి సమాజశాస్త్రం చెప్పాల్సినవి. షా ఈ రెండో వరుస ప్రశ్నలను తీసుకుని, ప్రజారోగ్యాన్ని నగరాభివృద్ధి తీరుతో ముడిపెట్టి చూపాడు. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో నగరం శుభ్రతకు మారుపేరైంది. అంతకుముందు నగరం ఎందుకు అలా ఉండేదో ఈ పుస్తకం నమోదు చేసి ఉంచింది.

ప్రచురణ, శిక్షణ ఈ ఎదుగుదలలో మరో రెండు అంగాలు. సంస్థ 'అర్థాత్' అనే పత్రికను గుజరాతీలో వెలువరిస్తోంది. పరిశోధన ఫలితాలు ఇంగ్లీషులోనే ఉండిపోతే, వాటికి ఆధారమైన మనుషులు వాటిని చదవలేరు, తప్పొప్పులు చెప్పలేరు. ఊళ్లో ఉపాధ్యాయుడు, తాలూకా పత్రిక విలేఖరి, కార్మిక సంఘం కార్యకర్త చదివే భాషలో రాస్తే పరిశోధనకు రెండో పరీక్ష జరుగుతుంది. శిక్షణ విషయానికొస్తే, సమాజశాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టే యువతకు సంస్థ పరిశోధన పద్ధతుల తరగతులు నిర్వహిస్తోంది. 2009లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం పీహెచ్‌డీ విద్యార్థులకు పరిశోధన పద్ధతులతో కూడిన కోర్సును తప్పనిసరి చేసింది. దాంతో దేశమంతటా ఇలాంటి శిక్షణకు గిరాకీ పెరిగింది.

గుణాత్మక పద్ధతిని నేర్పడంలో చిక్కు ఏమిటంటే దాన్ని సూత్రాలుగా అప్పజెప్పలేరు. విద్యార్థికి ముందు ప్రశ్న వేయడం నేర్పాలి. "మీకు ఇబ్బందులు ఉన్నాయా?" అంటే ఉన్నాయనో లేవనో జవాబు వస్తుంది. "నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఏం చేశారో చెప్పండి" అంటే ఇబ్బందులు వాటంతట అవే బయటికి వస్తాయి. తర్వాత వినడం నేర్పాలి, మాట మధ్యలో వచ్చే మౌనాన్ని తొందరపడి నింపకుండా ఉండటం అందులో భాగం. అదే రోజు రాత్రి నోట్సు రాయడం అలవాటు చేయాలి, మర్నాటికి సగం మరుగునపడుతుంది. చూసినదాన్ని ఒక పక్క, తన అభిప్రాయాన్ని ఇంకో పక్క విడిగా రాయాలి. తర్వాత వందల పుటల నోట్సును చదివి, ఒకే అంశం చెప్పే భాగాలను ఒకచోట చేర్చి, పోలికలు, తేడాలు పట్టుకోవాలి. కొత్త మనుషులతో మాట్లాడినా కొత్త విషయం ఏదీ రాకపోతే అక్కడికి సేకరణ చాలునని నిర్ణయించుకోవాలి. ఇప్పుడు ఈ వర్గీకరణకు కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ తోడొచ్చింది. అది కాగితాలను సర్దిపెడుతుంది, అర్థం చెప్పే బాధ్యత పరిశోధకుడిదే.

ఈ పద్ధతి మీద విమర్శలు కూడా పాతవే. రెండు ఊళ్లు చూసి రాష్ట్రం గురించి చెప్పవచ్చా అన్నది మొదటిది. పరిశోధకుడి ఇష్టాయిష్టాలు ఫలితంలో కలిసిపోతాయన్నది రెండోది. సూరత్ అనుభవంలో మొదటిదానికి జవాబు, లోతును వెడల్పుతో కలపడం. మహువాలో 423 కుటుంబాలు, అంటరానితనం మీద 69 గ్రామాలు అలా వచ్చినవే. రెండోదానికి జవాబు, వేర్వేరు పరిశోధకులు ఒకే ప్రాంతాన్ని వేర్వేరు కాలాల్లో చూసి, ఒకరినొకరు బహిరంగంగా విమర్శించుకోవడం.

నేటి సమస్యలు ఎక్కువగా కాలానికీ, డబ్బుకీ సంబంధించినవి. దీర్ఘకాలపు క్షేత్ర పరిశోధన స్థానంలో కొన్ని నెలల్లో నివేదిక కోరే మూల్యాంకన ప్రాజెక్టులు ఎక్కువయ్యాయి. పరిశోధకుడు స్వయంగా ఊళ్లో ఉండే బదులు, రోజుకూలీకి తీసుకున్న సేకర్తలు ఫారాలు నింపుకొస్తే అది గుణాత్మక పరిశోధన అనిపించుకోదు. ఫోనులో సంభాషణలు రికార్డు చేయడం తేలికైనకొద్దీ, అనుమతి, గోప్యత గురించిన బాధ్యత బరువెక్కింది.

సూరత్ ప్రాంగణంలో ఈ పరిశోధన పెరగడానికి తోడ్పడిన పరిస్థితులు నాలుగు. ఏ ప్రశ్న అడగాలో తెలిసిన వ్యవస్థాపకుడు ఉన్నాడు. పొలం, అడవి, ఫ్యాక్టరీ, మురికివాడ అన్నీ ఒకే ప్రాంతంలో అందుబాటులో ఉన్నాయి. బోధన భారం లేకుండా పూర్తికాలం పనిచేయనిచ్చే నిధుల ఏర్పాటు కుదిరింది. లోపలి విభేదాలను అచ్చులో పెట్టే స్వేచ్ఛ, ఫలితాలను స్థానిక భాషలో చెప్పే అలవాటు నిలిచాయి. వీటిలో భౌగోళిక స్థితి ఒక్కటే సూరత్ సొంతం. తక్కిన మూడింటిని ఏ విశ్వవిద్యాలయమైనా పూనుకుంటే ఏర్పరచుకోవచ్చు.